ప్రొప్రైటర్ సంజీవ

ఉద్యోగం మానేస్తానని సంజీవ చెప్పినప్పుడు సరళ ఏడవలేదు, తిట్టలేదు. పిండి కలుపుతున్న చేయి ఆపి, “నిజంగనే?” అంది.

“నిజంగనే. ఎన్నేండ్లు ఒకల కింద బతుకుడు? మన దుకాణంల నేనే ఓనర్ని.”

“మంచిగుంటది. చెయ్యి.”

అంత సులువుగా ఒప్పుకుంటుందని అతను అనుకోలేదు. రెండు నెలలుగా ఫోన్లో సొంత వ్యాపారం గురించి వీడియోలు చూసి, వాదించడానికి పదిహేను పాయింట్లు సిద్ధం చేసుకున్నాడు. అన్నీ వృథా అయ్యాయి.

సంజీవ జనగామలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ ఆఫీసులో పద్నాలుగేళ్లుగా జూనియర్ అసిస్టెంటు. పదింటికి వెళ్లి ఐదింటికి వస్తాడు. భార్య సరళ కూడా డిగ్రీ చదివింది గానీ, పెళ్లయ్యాక బస్టాండు దగ్గర చిన్న గదిలో పిండివంటలు చేసి అమ్మడం మొదలుపెట్టింది. బియ్యప్పిండితో గుడ్డ మీద ఆమె చేత్తో చుట్టే సకినాలకు మహబూబాబాద్, భూపాలపల్లి నుంచి కూడా పెళ్లి ఆర్డర్లు వస్తాయి. తెల్లవారకముందే పొయ్యి వెలగాలి. ఆదివారం కూడా వెలగాలి.

ఆ దుకాణంలో కష్టమేమీ సంజీవకు కనిపించలేదు. “చేసుడు, అమ్ముడు. గంతే గద” అనేవాడు.

విషయం తెలిసి తల్లి కనకలక్ష్మి ఒక పూట అన్నం మానేసింది.

“కుర్చీల కూసుండే కొలువు ఇడిసిపెట్టి సకినాలు అమ్ముతవార? నలుగుర్ల నా మొకం ఎట్ల సూపెట్టాలె?” అని కొడుకును నిలదీసి, కోడలి వైపు తిరిగింది. “నువ్వన్న జెప్పవేందే?”

“ఆయన ధైర్యం జేస్తుండు అత్తమ్మా. మనం ఎన్కకు గుంజద్దు.”

ఆ మాటకు సంజీవ కళ్లు చెమర్చాయి.

రాజీనామా ఉత్తరం జేబులో పెట్టుకుని నాలుగు రోజులు కాలేజీకి వెళ్లాడు. నాలుగు రోజులూ అలాగే వెనక్కి తెచ్చాడు. కాలేజీ నడిపే కరస్పాండెంటు గది గుమ్మం దాకా వెళ్లి, తిరిగొచ్చి తన సీట్లో కూర్చునేవాడు. ఐదో రోజు సరళ చేయి చాపింది.

“ఇటు తే. నేను ఇచ్చొస్త.”

ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్లింది. గంటన్నర తర్వాత వచ్చింది.

“సారు ఏమన్నడు? కోపం జేసిండా?”

“లేదు. కూసోమన్నడు. చాయ్ ఇప్పిచ్చిండు. నెల దినాలు పనిజేసి పొమ్మన్నడు.”

సంజీవ ఆశ్చర్యపోయాడు. “పద్నాలుగేండ్లల్ల నాకు ఒక్కనాడు చాయ్ ఇప్పియ్యలే. నేను పోతున్నన్న బాధ గావచ్చు.”

“గదే అయ్యుంటది” అంది సరళ.

ఆ నెలంతా ఆమె రోజూ సాయంత్రం అతని పక్కన కూర్చునేది. టీసీలు ఎట్ల రాస్తారు, స్కాలర్‌షిప్పు ఫారాలు కంప్యూటర్లో ఎట్ల ఎక్కిస్తారు అని అడిగేది. “చెప్పుకుంటే నీ మనసు తేలికైతది” అనేది. ఇన్నేళ్లకు భార్య తన గొప్పతనం గుర్తించిందని సంజీవ మురిసిపోయాడు. అన్నీ విడమరిచి చెప్పాడు. ఆమె పని గురించి మాత్రం అతను ఒక్క ముక్క అడగలేదు.

ఆఖరి రోజు కాలేజీలో శాలువా కప్పారు. ఆ శాలువాతోనే దుకాణానికి వచ్చి కొత్త ఫ్లెక్సీ కట్టించాడు. అందులో చేతులు కట్టుకుని నిలువెత్తు సంజీవ. కింద పెద్ద అక్షరాల్లో ‘ప్రొప్రైటర్: సంజీవ’. ఒక మూల చిన్న సకినం. సరళ పేరుకు చోటు చాలలేదు.

“మంచిగున్నది” అంది సరళ.

తెల్లారి ఆమె పిండి కలిపి, తడిగుడ్డ కప్పి, చేతులు కడుక్కుంది.

“నాకు జర పనున్నది. పొద్దుగూకేటాల్లకు వస్త. పెద్దవంగర పెండ్లోల్లకు మున్నూరు సకినాలు రేపియ్యాలె. ఇయ్యాల నువ్వే చూస్కో.”

“నాకు చుట్టరాదు గదనే!”

“చుట్టంగ చుట్టంగ అదే వస్తది” అంటూ ఆటో ఎక్కింది.

మొదటి సకినం మధ్యలోనే తెగింది. రెండోది గుడ్డకు అతుక్కుంది. పదోది కొంచెం గుండ్రంగా వచ్చింది గానీ, నూనెలో వేయగానే నాలుగు ముక్కలైంది. నూనె చిట్లి చేతిమీద బొబ్బలు లేచాయి. ఎదురు దుకాణం దర్జీ నబీసాబ్ వచ్చి పళ్లెంలోకి తొంగి చూశాడు.

“సంజీవా, గివి సకినాలా, మురుకులా?”

“నబీసాబ్, జర పరేషాన్ చెయ్యకు.”

“నేనేమన్న? ఫ్లెక్సీల ఫొటో మాత్రం జబర్దస్తున్నది.”

వచ్చినవాళ్లందరూ “సరళక్క లేదా?” అని అడిగి, రేపొస్తామని వెళ్లిపోయారు. పన్నెండయ్యేసరికి సంజీవకు నడుము పట్టేసింది. పళ్లెంలో పనికొచ్చే సకినాలు ఆరున్నాయి. తన ఫ్లెక్సీ కిందే నిలబడి చాలాసేపు ఆలోచించాడు. కరస్పాండెంటు మంచివాడే. చాయ్ ఇప్పించినవాడు, కాదనడు.

కాలేజీ ఆఫీసుకు ఫోన్ చేశాడు. రెండో రింగుకే ఎవరో ఎత్తారు. ధైర్యం జారిపోకముందే గబగబా చెప్పేశాడు.

“సార్, నేను సంజీవను. తొందరపడ్డ సార్. నా సీటు ఇంక ఖాళీగనే ఉంటే రేపటి సంది వస్త.”

“సీటు ఖాళీ లేదయ్యా, పొద్దుగాల పదింటికే నేను జాయినైన” అంది అవతలి నుంచి సరళ.