గురక పరీక్ష

నగేశ్ గురక ఒక మధ్యాహ్నం బాన్సువాడ అంతా వినబడింది. తప్పు ఆయనది కాదు, వాట్సాప్‌ది.

ఆయన ఒక ప్రైవేటు బడిలో బస్సు డ్రైవరు. పొద్దున వర్ని వైపు ఊళ్ల పిల్లల్ని బడి దగ్గర దింపాక, వెనక సీటు మీద కాసేపు నడుం వాలుస్తాడు. ఆటల సారు ఆ గురకను సరదాకు ఫోన్లో పట్టి తల్లిదండ్రుల గ్రూపులో పెట్టాడు. నలభై మంది నవ్వు బొమ్మలు పంపారు. ఒక పిల్లవాడి తల్లి మాత్రం నవ్వలేదు. ఆమె నర్సు. ఇలాంటి గురక ఉన్నవాళ్లకు నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తుందని, పగలు స్టీరింగు మీదే కునుకు పట్టొచ్చని రాసింది.

సాయంత్రానికి బడి నడిపే కరస్పాండెంటు పిలిచాడు. పరీక్ష చేయించుకుని రిపోర్టు తెమ్మన్నాడు. తేడా ఉంటే బస్సు దిగాల్సిందే అన్నాడు.

"గురక పెట్టినోనికి నిద్ర మంచిగున్నట్టే గద సార్, గదేం రోగం?" అన్నాడు నగేశ్.

కరస్పాండెంటు వినలేదు. పద్నాలుగేళ్లుగా స్టీరింగు తిప్పడం తప్ప నగేశ్‌కు వేరే విద్య రాదు.

ఇంట్లో భార్య వనిత బీడీలు చుడుతుంది. ఆమె పడుకుంటే పక్కన మనిషి ఉన్నట్టే తెలియదు, పసిపిల్లయినా ఇంతకన్నా చప్పుడు చేస్తుంది. కానీ పొద్దున లేస్తే తలనొప్పి, మధ్యాహ్నం బీడీల చాట ముందు కూర్చుంటే కునికిపాట్లు. తునికాకు చేతిలోది చేతిలోనే ఉంటుంది. ఆ గురక పక్కన పాపం ఆమెకు నిద్రెక్కడిదని వాడంతా నగేశ్‌నే ఆడిపోసుకునేది. ఆయన కూడా అదే నమ్మి ఎండాకాలమంతా డాబా మీద పడుకున్నాడు. అయినా ఇంట్లో బామ్ డబ్బాలు ఖాళీ అవుతూనే ఉన్నాయి.

నిజామాబాద్‌లో డాక్టరు ఒక చిన్న మిషన్ చేతికిచ్చాడు. ఛాతీకి బెల్టు, వేలికి క్లిప్పు, ముక్కు కింద సన్నని గొట్టం. ఇంట్లోనే రాత్రంతా ఉంచుకుని పొద్దున తెచ్చివ్వాలి. అంతేనా అని నగేశ్ రెండుసార్లు అడిగాడు.

ఇంటికొచ్చి వనితకు సంగతంతా చెప్పాడు. ఆమె మొదట వద్దంది. తర్వాత సరేనంది.

మర్నాడు ఎర్రబడ్డ కళ్లతో వెళ్లి మిషన్ ఇచ్చేసి వచ్చాడు. మనిషి మాత్రం హుషారుగా ఉన్నాడు. శుక్రవారం రిపోర్టు తెస్తానని, అందులో ఏమీ ఉండదని కరస్పాండెంటుకు ముందే ఫోన్ చేసి చెప్పేశాడు.

శుక్రవారం డాక్టరు కాగితం చూపించాడు.

"గంటకు ముప్పై ఎనిమిది సార్లు ఊపిరి ఆగుతోంది. ఆక్సిజన్ డెబ్బైకి పడిపోతోంది."

నగేశ్ కాగితం అందుకుని పైనున్న పేరు చూశాడు. రిపోర్టులు తారుమారయ్యాయేమో చూడమన్నాడు. కాలేదు. ఇట్లనే వదిలేస్తే ఏమవుతుందని అడిగాడు. బీపీ, గుండెజబ్బు, పక్షవాతం, ఒక్కోసారి నిద్రలోనే ప్రాణం పోవచ్చన్నాడు డాక్టరు. అంతలోనే ధైర్యం చెప్పాడు.

"రోజూ మాస్కు మిషన్ పెట్టుకుని పడుకుంటే ఊపిరి ఆగదు. శ్రద్ధగా వాడి మళ్లీ రండి. అంతా బాగుంటే బస్సు నడపొచ్చని నేనే రాసిస్తా."

ఉద్యోగం దక్కినట్టే. అయినా నగేశ్ కళ్ల నిండా నీళ్లు. మిషన్ ఈరోజే కావాలన్నాడు, ధర కూడా అడగలేదు. మాస్కు అంటే నెలల తరబడి గునిసే మగవాళ్లనే చూసిన డాక్టరుకు ఇది వింతగా తోచింది. సొరుగులోంచి ఒక మాస్కు తీసి, సైజు చూద్దామని ఆయన ముఖానికి ఆనించబోయాడు.

నగేశ్ చేయి అడ్డం పెట్టాడు.

"చిన్న సైజు చూడుర్రి సార్, నా నౌకరి పోతదని ఆ రాత్రి మిషన్ నేను కట్టుకోలే, అస్సలు గురకే రాని మా వనితకు కట్టిన."