దస్తీ వేసిన సీటు

విమానంలో అడుగు పెట్టగానే నర్సింగ్ కిటికీ పక్క సీటు మీద దస్తీ వేశాడు.

జహీరాబాద్ బస్టాండ్ అలవాటు. చేతిరుమాలు వేసినవాడిదే సీటు, నంబరుతో పనేముంది?

"ఈ సీటు నాది బిడ్డా," అంది వెనకనుంచి ఒక పెద్దావిడ. నేత చీర, చేతిలో గుడ్డ సంచి. దస్తీ కనపడగానే నవ్వింది.

"అయ్యో, దస్తీ ఏసినవా? అయితే ఇగ నీదే. మాది జహీరాబాద్ పక్కన న్యాల్‌కలే."

నర్సింగ్‌కు కేటాయించిన నడిమి సీట్లో ఆవిడ సర్దుకుని కూర్చుంది.

నర్సింగ్ ట్రాక్టర్ ఫ్యాక్టరీలో ఫిట్టర్. అమెరికాలో బండ్లు బిగించి చూపించమని కంపెనీ పంపుతోంది. నిరుడూ పంపింది. తలుపులు వేయకముందే దిగి ఇంటికొచ్చేశాడు. అప్పటినుంచి ఫ్యాక్టరీలో ఆయన పేరు రిటర్న్ టికెట్టు. ఈసారీ దిగితే ఆ అవకాశం తోటి ఫిట్టర్ చందర్‌కు పోతుంది. విమానం దిగితే మానం కూడా దిగిపోతుంది.

"పదహారు గంటల ప్రయాణం," అంది మైకు.

విమానం కన్నా ముందు నర్సింగ్ ముఖంలో నెత్తురు టేకాఫ్ అయింది. పేరుకు నర్సింగే కానీ, ఇప్పుడు నర్సింగ్ కావలసింది ఆయనకే.

దస్తీ తీసుకుని లేచాడు. ఎయిర్ హోస్టెస్ పరుగున రాబోయి, పెద్దావిడను చూసి ఎందుకో ఆగిపోయింది.

పెద్దావిడ కూడా లేచింది.

"దిగుతున్నవా? అయితే నేను గూడ దిగుత."

"నువ్వెందుకమ్మా?"

"నాకు తోడెవ్వరు లేరు బిడ్డా. గుండె దడదడ అంటుంది. నువ్వుంటె కూసుంట, లేకుంటె లేదు."

తన మూలాన ఒక పెద్దమనిషి ప్రయాణం చెడిపోవడమా? నర్సింగ్ ఇరుకున పడ్డాడు.

"కూసో అమ్మా. నేనున్న గద, ఏం ఫికర్ చెయ్యకు."

కూర్చోబెట్టడానికి తనూ కూర్చున్నాడు. తలుపులు మూసుకున్నాయి.

"జర ముచ్చట చెప్పు బిడ్డా. ట్రాక్టర్ ఎట్ల బిగిస్తరు?"

ముందు చక్రాల దగ్గర మొదలుపెట్టాడు. గేర్‌బాక్సు దాకా వచ్చేసరికి మబ్బులు కిందున్నాయి.

విమానం ఊగింది.

"ఇదేంది బిడ్డా?"

"ఏం లేదమ్మా. లారీని దాటేటప్పుడు బస్సు ఊగదా, గట్లనే."

అన్నాక తనకూ నిజమే అనిపించింది.

"కాళ్లు తిమ్మిరెక్కినయి. జర నడిపిస్తవా?"

నడిపించాడు. ఆయన కాళ్లూ తేలికపడ్డాయి.

"గొంతు ఆరుతుంది."

నీళ్లు అడిగి తెప్పించాడు. తనూ తాగాడు.

"నిద్ర పడ్తలేదు."

"కండ్లు మూసుకొని మన బస్సుల పొయినట్టు అనుకో. పటాన్‌చెరు, సంగారెడ్డి, సదాశివపేట..."

జహీరాబాద్ రాకముందే నర్సింగ్ గురక పెట్టాడు.

దిగేటప్పుడు పెద్దావిడ ఆయన తల మీద చెయ్యి పెట్టింది.

"నీ పుణ్యాన వచ్చిన బిడ్డా."

గుండె దడ అన్న మనిషి గుంపులో చకచకా వెళ్లిపోయింది.

దిగే వరసలో నిలబడే నర్సింగ్ పెళ్లానికి ఫోన్ కొట్టాడు.

"త్రివేణీ, దిగిన."

"మల్ల దిగినవా? ఏడ, హైదరాబాద్‌లనేనా?"

"అమెరికాల. పక్కపొంటి మన న్యాల్‌కల్ అవ్వ, ఒక్కటే భయం. నేనే పట్టుకొచ్చిన."

తలుపు దగ్గర ఎయిర్ హోస్టెస్‌కు కూడా ఒక మాట చెప్పాడు.

"మల్ల ఎక్కినప్పుడు ఆ పెద్దమ్మను జర చూసుకోండ్రి మేడం, ఉత్త భయస్తురాలు."

ఆ అమ్మాయి నవ్వింది.

"ప్రియదర్శిని మేడమా? రిటైరయ్యేదాకా ఆవిడదీ మా ఉద్యోగమే అండీ, భయపడి లేచేవాళ్లను ఎలా కూర్చోబెట్టాలో మా అందరికీ నేర్పింది ఆవిడే."