షెడ్డులో మొసలి

తుక్కు కొనే ఆయన తన లారీ గొలుసు కొక్కేన్ని కారు ముందు భాగానికి తగిలించాడో లేదో, కోడలు విసురుగా తలుపు తీసి డ్రైవరు సీట్లో కూర్చుంది. చేతులకి వెల్డింగ్ గ్లోవ్స్ ఇంకా అలాగే ఉన్నాయి.

"ఇదేం చోద్యమే? పొద్దున సరేనన్నావుగా!" అంది అత్తగారు, షెడ్డు గుమ్మంలో కొంగు దోపుకుని.

"పొద్దున అన్నాను. ఇప్పుడు అనడం లేదు."

"మాట మీద నిలబడవా?"

"నిలబడను అత్తయ్యా. ఇక్కడే కూర్చుంటాను."

తుక్కాయన అయోమయంగా ఆవిడ కొడుకు వైపు చూశాడు. ఆయన్ని పిలుచుకొచ్చింది కొడుకే. అతను తల్లి మొహమూ, పెళ్లాం మొహమూ చూసి నీళ్లు నమిలాడు.

ఆ కారుని వీధి వీధంతా మొసలి అంటుంది. ముక్కు పొడుగు, నడుం నేలబారు, ఒళ్లంతా అతుకులు. ఎవరో పారేసిన కారు బాడీకి పాత వ్యాను ఇంజను బిగించి, రెంటినీ కలిపే చట్రాన్ని కోడలు తన చేత్తో కోసి, అతికి, సానపట్టి తయారుచేసింది. అన్నీ కుదిరాయి గానీ ఇంజను మాత్రం ఇంతవరకూ కిక్కురుమనలేదు. తాళం తిప్పీ తిప్పీ సెల్ఫ్ మోటారు కాస్తా కాలిపోయింది. ఆ తర్వాత పెట్రోలు పంపు మార్చింది, వైర్లు మార్చింది. తోయిస్తే ఇంజను అందుకుంటుందేమో చూద్దామని వీధిలో వాళ్లని పిలిస్తే, నవ్వడానికి అందరూ వచ్చారు, చెయ్యి వెయ్యడానికి ఒక్కరూ రాలేదు.

"నీ మొసలి షెడ్డులో నీడపట్టున పడుకుంది. జనం చేయించుకున్న గేట్లేమో వానలో నానుతున్నాయి," అంది అత్తగారు. ఆ వర్క్‌షాపులో వెల్డింగ్ కోడలిదైతే, వచ్చినవాళ్లకి జవాబు చెప్పుకునే పని ఆవిడది. "నిన్న ఆ మేడ కట్టుకుంటున్నాయన తన గేటు తుప్పు వేలికి రాసుకుని, నలుగురిలో నా మొహం ముందు పెట్టాడు. ఏం చెప్పుకోమంటావ్?"

అత్తగారి మాటలో తప్పు లేదని కోడలికీ తెలుసు. పొద్దున తల ఊపింది అందుకే. నిజానికి ఆమెకీ విసుగొచ్చింది. కానీ ఆ కొక్కెం వెళ్లి ఇనుముకి ఠంగుమని తగిలినప్పుడు తన పక్కటెముకల్లో గుచ్చుకున్నట్టయింది. ఆయన సరిగ్గా తను వేసిన అతుకు మీదే తగిలించాడు మరి.

అత్తగారు గొంతు కాస్త తగ్గించింది. "వదిలెయ్యవే అమ్మాయ్. అది చచ్చిన బండి."

"పుట్టందే ఎలా చస్తుంది?"

"చూడండమ్మా," అని తుక్కాయన మధ్యలో కలగజేసుకున్నాడు. "మనిషి లోపలుంటే నేను లాగను. ఏదైనా అయితే నా మెడకి చుట్టుకుంటుంది."

"లాగు నాయనా, నేను చెబుతున్నాగా! నాలుగడుగులు కదిలితే తనే దిగుతుంది," అంది అత్తగారు. అక్కడితో ఆగలేదు. కారు చుట్టూ తిరిగి అవతలి వైపుకి వెళ్లి, తలుపు తెరిచి, పక్క సీట్లోకి ఎక్కి కోడలి మోచెయ్యి పట్టుకుంది. ఉడుం పట్టు. "దిగకపోయావో, నేనే ఈడ్చుకొస్తా."

"ఈడ్చండి. స్టీరింగుతో సహా వస్తాను."

తుక్కాయన ఇక మీ ఇష్టం అన్నట్టు చేతులూపి, వెళ్లి లారీ ఎక్కి మెల్లగా ముందుకి పోనిచ్చాడు. గొలుసు బిగిసింది. మొసలి ఒక్క మూలుగు మూలిగి, మెల్లగా షెడ్డులోంచి వాకిట్లోకి కదిలింది.

చక్రాలు తిరుగుతున్నాయి.

కోడలు కిందికి చూసింది. తొయ్యమంటే ఎవరూ తొయ్యని బండిని ఇప్పుడో లారీ లాగుతోంది. తాళం తిప్పింది. క్లచ్ తొక్కి రెండో గేరు వేసింది.

"ఏం చేస్తున్నావే?"

"గట్టిగా పట్టుకోండి అత్తయ్యా!"

అని క్లచ్ వదిలేసింది.

కారు ఒక్క కుదుపు కుదిపింది. అత్తగారు ముందుకు తూలి మళ్లీ వెనక్కి పడింది. ముందొక దగ్గు. వెనక నుంచి నల్లటి పొగ. ఇంకో కుదుపు, ఇంకో రెండు దగ్గులు. ఆ తర్వాత ఇంజను ఎంత గట్టిగా గర్జించిందంటే షెడ్డు రేకులు గడగడలాడాయి, గోడ మీది పిల్లి పక్కింట్లోకి దూకింది. మొసలి లారీని అందుకోబోయింది. గొలుసు వదులై మధ్యలో నేలని తాకింది. కోడలు క్లచ్చూ బ్రేకూ కలిపి తొక్కింది. లారీ కూడా ఆగిపోయింది. తుక్కాయన కిటికీలోంచి తల బయటపెట్టి నోరు వెళ్లబెట్టాడు.

కోడలు గ్లోవ్స్ తీసేసి ఉత్త చేతులు స్టీరింగు మీద పెట్టింది.

"షెడ్డు ఈ రోజే ఖాళీ చేస్తాను. గేట్లు లోపల పడుకుంటాయి, ఇది వానలో తడుస్తుంది. మీరు ఎన్ని తిట్టినా పడతాను గానీ, దీన్ని మాత్రం ఎవరికీ ఇవ్వను," అంది, అత్తగారి వైపు తిరక్కుండానే.

అత్తగారు ఆమె మోచెయ్యి ఇంకా వదల్లేదు.

కొడుకు పరిగెత్తుకొచ్చి తల్లి వైపు తలుపు తెరిచాడు. "అమ్మా, దెబ్బ తగిలిందా? దిగమ్మా, ముందు నువ్వు దిగు!"

అత్తగారు ఆ తలుపుని దఢాలున లోపలికి లాక్కుని వేసుకుంది. "ముందా గొలుసు విప్పరా! మీ ఆవిణ్ని తిట్టాల్సింది చాలా ఉంది, దార్లో తిడతాను."