దాచిన వైఫై

ఇంకాసేపట్లో ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. రాధిక లాప్‌టాప్‌లో వాడకట్టు వైఫైలన్నీ కనిపిస్తున్నాయి, తమ ఇంటిది తప్ప.

“నెట్ ఖరాబైందా అత్తమ్మా?”

“లేదు బిడ్డా. నువ్వు నౌకరి జేసుడు ఇష్టంలేక మా కొడుకు మహిపాలే వైఫై పేరు మార్చి దాచిపెట్టిండు. పాస్‌వర్డ్ పాతదేనట. పేరు కొడితెనే అస్తదట,” అంది లచ్చవ్వ.

రాధిక భర్త పేరు కొట్టింది. కలవలేదు. తన కొడుకు పేరు కొట్టింది. అదీ కాదు.

“ఏం పేరో మీకు ఎరుకేనా?”

“నా ముంగటనే పెట్టిండు. నేను నోరు దెరిచి చెప్పనని వాని ధీమా.”

వాకిట్లో మామ దగ్గాడు. లచ్చవ్వ లేచి తలుపు దగ్గరికి వేసింది. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఒక్కనాడూ భర్త పేరు పలకని ఆ మనిషి, కొంగు తలమీదికి లాక్కుని మెల్లగా అంది:

“కొమురెల్లి అని కొట్టు.”