మొరాయించిన ఎయిర్‌బ్రష్

సరిగ్గా మధ్యాహ్నం మూడింటికి ఎయిర్‌బ్రష్ తుపుక్కున ఉమ్మింది.

లెక్కల మాస్టారు చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నారు. నయం, ఉమ్మింది పాత పేపరు మీద. అదే బొమ్మ రైలింజన్ మీద పడుంటే మూడు నెలల కష్టం బూడిదలో పోసిన పన్నీరయ్యేది.

ఇంజన్ బల్ల మీద మెరుస్తోంది. జానెడు పొడవు. కిటికీలు, మెట్లు, చివరికి హారన్ కూడా అచ్చు గుద్దినట్టున్నాయి. అసలు ఇంజన్ని ముప్ఫై ఏళ్లు నడిపింది మాస్టారి అత్తగారు. ఆవిడ రైలు డ్రైవరు. ఇవాళే రిటైరవుతున్నారు. ఐదింటికి స్టేషన్ హాల్లో సభ. అందరి ముందూ ఈ బొమ్మ ఇంజన్ని ఆవిడ చేతిలో పెట్టాలని మాస్టారి పంతం.

పంతం ఊరికే రాలేదు. పెళ్లయిన కొత్తలో అత్తగారు ఆయన గదిలోని బొమ్మలన్నీ చూసి, "అల్లుడుగారికి ఇంకా ఆటలు పోలేదన్నమాట" అన్నారు. నవ్వుతూనే అన్నారు. పదకొండేళ్లయినా ఆ మాట మాస్టారికి గుచ్చుకుంటూనే ఉంది.

ఇక మిగిలింది ఒక్క పసుపు చార. ఈ చివర నుంచి ఆ చివరిదాకా. కుంచెతో వేస్తే గీతలు కనిపిస్తాయి, ఎయిర్‌బ్రషే కావాలి. అదేమో చూడ్డానికి పెన్నంత, పొగరు కొండంత. మీట నొక్కితే మంచులా రావాల్సిన రంగు ముద్దలు ముద్దలుగా పడుతోంది. పైనున్న రంగు గిన్నెలో బుడబుడమని బుడగలు.

మాస్టారు వీడియోలు చూశారు. ఒకాయన బిగించమన్నాడు, ఇంకొకాయన వదులు చేయమన్నాడు. చివరికి పెట్టె మీద రంగు మరకల కిందున్న సర్వీసు నంబరుకి హడావిడిగా ఫోన్ కొట్టారు.

"హలో, చెప్పండి" అందొక ఆడగొంతు.

"నా ఎయిర్‌బ్రష్ ఉమ్ముతోందండీ! ఐదింటికి మా అత్తగారి రిటైర్‌మెంటు. మీరే దిక్కు!"

"అది కాదండీ, ఇది..."

"కాదనకండి తల్లీ! పదకొండేళ్ల నుంచి ఈ రోజు కోసమే చూస్తున్నాను!" మాస్టారు ఆవిణ్ని మాట పూర్తిచేయనివ్వలేదు.

అవతల ఎక్కడో టకటకమని సుత్తి చప్పుడు.

"సరే, కంగారు పడకండి. ముందు నుంచి వెనక్కి ఏమేం భాగాలున్నాయో మీ నోటితో చెప్పండి."

మాస్టారు బడిపిల్లాడిలా అప్పజెప్పారు. ముందు మూత, లోపల రంగు చిమ్మే గింజంత నాజిల్, దాని మధ్యలోంచి సూది, పైన రంగు గిన్నె, కింద గాలి గొట్టం. పాఠం చెప్పడమంటే ఇదీ, తెలిసి కూడా మనతోనే చెప్పిస్తోంది, అని మెచ్చుకున్నారు.

"గాలి వస్తోందా?"

"భేషుగ్గా వస్తోంది."

"అయితే దారిలో ఏదో అడ్డం పడింది. చేతిలో పిన్నీసుందా?"

మాస్టారు ఉలిక్కిపడ్డారు. నిజంగానే ఉంది. "మీకెలా తెలుసు?"

"అందరి చేతిలోనూ ఉంటుంది. అవతల పడేయండి. దాంతో పొడిస్తే కన్నం పెద్దదవుతుంది. తర్వాత బ్రహ్మదేవుడు దిగొచ్చినా బాగుచేయలేడు. ఆ రంగు దేనికి కరుగుతుంది?"

"థిన్నర్‌కి."

"సూదిని మెల్లగా వెనక్కి లాగేసి, నాజిల్ విప్పి అందులో నానెయ్యండి."

పావుగంట నానింది. ఆ పావుగంటా ఆవిడ ఫోన్ పెట్టలేదు. అత్తగారు రైలు నడిపేవారని విని "అమ్మో!" అని తెగ మురిసిపోయింది. రాత్రి డ్యూటీలుండేవా, పిల్లల్నెవరు చూసుకునేవారు అని ఒకటే ప్రశ్నలు.

"ఇక తీసి వెలుతురుకి పెట్టి చూడండి. కన్నం గుండ్రంగా కనబడాలి."

"సగమే కనబడుతోంది."

"అదే దొంగ! మెత్తటి కుంచెతో లోపల తుడవండి."

ఆవగింజలో సగం కూడా లేని ఎండిన రంగు పెచ్చు ఒకటి ఊడి పడింది. మాస్టారు అన్నీ బిగించి మీట నొక్కారు. ఉమ్మడం తగ్గింది. బుడగలు మాత్రం తగ్గలేదు.

పక్కగదిలోంచి భార్య కేకేసింది. "నాలుగున్నర! మీరింకా బనీనులోనే ఉన్నారా?"

"ఏమండీ, బుడగలు!" అన్నారు మాస్టారు ఫోన్లో, ఏడుపొక్కటే తక్కువగా.

"గాలి పోకూడని చోటికి పోతోందన్నమాట. అతుకుల మీద సబ్బునీళ్లు రాయండి. నురగెక్కడ లేస్తే లీకక్కడ."

ఏ వీడియోలోనూ చూడని చిట్కా! నాజిల్ బిగించే చోట బుస్సున నురగ లేచింది.

"మరలకి కాస్త మైనం పట్టించి బిగించండి. మీ బలమంతా దాని మీద చూపించకండి."

ఈసారి మీట నొక్కితే సుయ్‌మంటూ పసుపు మంచు కురిసింది. మాస్టారు ఊపిరి బిగపట్టి ఇంజన్ పొడవునా చెయ్యి జరిపారు. చార తీర్చినట్టు పడింది.

"పడిందండీ! పడింది!" అని గంతులేశారు.

"రేపు ఫోన్ చేసి మీ అత్తగారు ఏమన్నారో చెప్పకపోయారో, చూడండి మరి" అంది ఆవిడ, తనూ నవ్వేస్తూ.

మర్నాడు పొద్దున్నే మాస్టారు ఫోన్ చేశారు.

"ఏమీ అన్లేదండీ. పూలగుచ్ఛాలన్నీ పక్కవాళ్లకిచ్చేసి, ఇంజన్ని మాత్రం సభ అయ్యేదాకా ఒళ్లోనే పెట్టుకున్నారు. ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. వెళ్లేటప్పుడు నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. అంతా మీ చలవే. ఎన్నేళ్లయింది మీరీ పనిలోకొచ్చి?"

"ఇరవై రెండేళ్లండీ" అందావిడ.

ఫోన్ పెట్టేసి కళ్లొత్తుకుని, ముందున్న గ్యాస్ స్టవ్ బర్నర్ని పక్కకి జరిపి, రిపేరు కొట్లో మరో స్టవ్ విప్పుతున్న భర్తని అడిగింది: "ఏమండీ, నిన్నట్నుంచీ అడుగుదామనుకుంటున్నా, అసలు ఎయిర్‌బ్రష్ అంటే ఏమిటి?"