మావయ్యగారి ముళ్ళబంతులు

“ఏమే, తొందరగా రా! ఇది పొగ వదులుతోంది!”

అల్లుడి కేకకి భార్య వంటింట్లోంచి తడిచేతులతోనే పరిగెత్తుకొచ్చింది. హాల్లో గోడ పొడుగునా ఉన్న ఉప్పునీటి అక్వేరియంలో, రాతి కొసకి ఎక్కి కూర్చున్న పెద్ద ముళ్ళబంతి నెత్తిమీంచి తెల్లటి పొగ సన్నగా లేస్తోంది. లేచిన పొగ పాలు ఒలికినట్టు నీళ్ళంతా పాకుతోంది. సీ అర్చిన్ అని దానికో పెద్ద పేరుంది గాని, ఒళ్ళంతా ముళ్ళున్న ఆ గుండ్రటి సముద్రప్రాణిని ఇంటిల్లిపాదీ ముళ్ళబంతి అనే అంటారు.

“నిన్నటిదాకా లక్షణంగా ఉందిగా? ఏం చేశారండీ?”

“నేనేం చేశాను? నీళ్ళు తగ్గితే మంచినీళ్ళే పోశాను. ఉప్పు కొలిచాను, వేడి కొలిచాను. ఎండునాచు రేకులు అద్దానికి తగిలించాను. మీ నాన్న రాసిచ్చిన పుస్తకంలో ఒక్క అక్షరం దాటలేదు.”

ఆ మాట నిజమే. మోకాలి ఆపరేషనుకని నాలుగురోజుల క్రితం ఆసుపత్రికి బయల్దేరుతూ మామగారు అతని చెయ్యి పట్టుకుని మరీ చెప్పారు. “అల్లుడుగారూ, ఇంట్లో ఏం పోయినా ఫరవాలేదు. ఆ రెండు ముళ్ళబంతుల్నీ మాత్రం ప్రాణాలతో నాకప్పగించండి.” బల్బు మార్చడానికి కూడా అల్లుణ్ణి నమ్మని మనిషి ఆయన. పెళ్ళయిన ఎనిమిదేళ్ళకి నమ్మి చెప్పిన మొదటి పని ఇది.

“మావయ్యగార్నే అడిగేద్దాం.”

“నిన్ననే కదండీ ఆపరేషనైంది! అసలే బీపీ మనిషి. ఈ సంగతి వింటే కుట్లు తెంపుకుని వచ్చేస్తారు.”

తెలిసిన మనిషిని అడగడానికి లేదు, తెలియనివాళ్ళకి కొదవ లేదు. ఫోనులో వెతికితే తలో మాట. ఒకడు ఉప్పు ఎక్కువైందన్నాడు, ఒకడు తక్కువైందన్నాడు. మూడోవాడు దేవుడి మీద భారం వెయ్యమన్నాడు. చివరికి వీధి మలుపులో ఉన్న అక్వేరియం దుకాణం ఆయన ఫోనెత్తాడు.

“తెల్లగా వస్తోందా? అయితే లోపల కుళ్ళిపోయింది సార్. ముందు దాన్ని బయటికి తీసెయ్యండి. పోయేది ఊరికే పోదు, నీళ్ళని విషం చేసి చేపల్నీ పగడాల్నీ కూడా పట్టుకుపోతుంది.”

“మందేదీ లేదా?”

“దానికి మందేంటి సార్? అసలు నేనెప్పుడూ పెంచలేదు. మా దగ్గర పోయేవన్నీ గోల్డ్‌ఫిష్షే.”

ఇంతలో భార్య అతని భుజం పట్టుకుని కుదిపింది. “ఏమండీ, చిన్నదానిక్కూడా!”

చిన్న ముళ్ళబంతి నెత్తిమీంచి పచ్చటి నూకలాంటిదేదో ధారగా రాలుతోంది.

“అంటుకుంది!” అన్నాడతను. రబ్బరు తొడుగులు వేసుకుని చేతులు నీళ్ళలో పెట్టాడు. పెద్దది ఒక పట్టాన రాలేదు. దారప్పోగుల్లాంటి కాళ్ళతో రాతిని కరుచుకుపోయింది. ఒక్కో కాలూ ఊడదీసి, ఉప్పు లేని కొళాయి నీళ్ళు పట్టిన బకెట్లో వేశాడు. చిన్నది పాపం అంత పెనుగులాడలేదు.

“ముళ్ళు కదుపుతున్నాయండీ. ఇంకా బతికే ఉన్నాయి.”

“చూడకు. నువ్వవతలికి వెళ్ళు.”

తను మాత్రం బకెట్ పక్కనే చతికిలబడ్డాడు. ముళ్ళు కాసేపు అటూ ఇటూ వెతుక్కున్నాయి. తర్వాత మెల్లగా వాలిపోయాయి. ఇంత వయసొచ్చి, ఇంత చదువు చదివి, అరచేతిలో పట్టే రెండు ప్రాణుల్ని కాపాడలేకపోయానని అతనికి ఏడుపొచ్చింది. భార్యకీ వచ్చింది.

మధ్యాహ్నానికి అక్వేరియంలో నీళ్ళు తేటపడ్డాయి. చేపలు ఎప్పట్లాగే తిరుగుతున్నాయి. అప్పుడు మోగింది ఫోను. మామగారి వీడియో కాల్. ఎత్తొద్దని భార్య చేత్తో సైగ చేసింది. ఎన్నాళ్ళని దాస్తాడు? ఎత్తాడు.

“ఏమిటి అల్లుడుగారూ, మొహం అలా వేలాడేశారు? నా బంతులు ఎలా ఉన్నాయి?”

“మావయ్యగారూ... పొద్దున పెద్దదాని నెత్తిమీంచి తెల్లగా పొగలా వచ్చిందండీ...”

అవతల దిండు మీది తల కాస్త పైకి లేచింది.

“మరి చిన్నది?”

“దానికీ వచ్చింది. పచ్చగా, నూకలా. మీ పుస్తకంలో ఆ సంగతి ఎక్కడా లేదండీ. నేను చెయ్యగలిగిందేదో...”

“ఎలా ఉంటుంది? నా చేతిమీద ఒక్కసారైనా జరిగితేగా రాయడానికి!” పెద్దాయన, కాలు కదపొద్దని పక్కనుంచి అత్తగారు అరుస్తున్నా వినిపించుకోకుండా మోచేతుల మీద లేచి కూర్చున్నారు. కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి, మొహం మాత్రం వెలిగిపోతోంది. “తెల్లటి బీజం వదిలిన పెద్దది మగదన్నమాట, పచ్చటి గుడ్లు పెట్టిన చిన్నది ఆడది! ఏది ఏదో తెలియక ఆరేళ్ళుగా కాచుక్కూర్చున్నానయ్యా. ఒంట్లో హాయిగా ఉంటే గాని అవి గుడ్లు పెట్టవు. నావల్ల కానిది నీ చేతిమీద అయింది నాయనా, ఎంత చల్లని చెయ్యి నీది! ఏదీ, ఆ ఫోను కాస్త వాటి దగ్గరికి పట్టుకెళ్ళు, కళ్ళారా చూసుకుంటాను.”