వెండి గిన్నె

ఆ ఆదివారం ప్రభువు బల్ల, సంఘమంతా రొట్టె, ద్రాక్షారసం పంచుకునే రోజు. గొడవపడ్డవాళ్లు సమాధానపడకుండా రొట్టె ముట్టకూడదన్నది మా సంఘం కట్టుబాటు. అందుకే ఆరాధనకు ముందే పాస్టరుగా ఇద్దరినీ నా గదికి పిలిపించాను.

బల్ల మీది వెండి గిన్నె కనబడలేదని, చర్చి ఊడ్చే ఆవిడను సంఘపెద్ద అందరి ముందూ దొంగ అన్నాడు. “నీ నోట్లో పురుగులు పడ!” అంది ఆవిడ.

“ఆయన పెద్దవాడు, తొందరపడ్డాడు. నువ్వూ నోరు జారావు. ఓ మెట్టు దిగమ్మా,” అన్నాను.

ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుని చేతులు జోడించింది. ఆయన వాచీ చూసుకుంటూ, “సరేలే, క్షమించాను,” అన్నాడు. నేను ప్రార్థన చేశాను. ఆమెన్ మాత్రం ఆయనే గట్టిగా అన్నాడు.

ఆయన వెళ్లాక ఆవిడ గుమ్మంలో ఆగింది.

“అయ్యగారూ, తిట్టాను, తప్పే. కానీ నేను దొంగని కాదని ఒక్కరూ అనలేదేంటండీ?”

“దేవుడు అన్నీ చూస్తాడమ్మా,” అంటూ కుర్చీ కింది నా సంచిని మడమతో వెనక్కి నెట్టాను.

మంచాన పడ్డ ముసలాయనకు ద్రాక్షారసం ఇవ్వడానికి పోయినవారం నేనే పట్టుకెళ్లిన గిన్నె అందులోనే ఉంది. పొద్దున్నే చూశాను.